దిద్దిన కొద్దీ రూపం

తెలుగులో 'దిద్దడం' అనే మాటకు ఉన్న అర్థవైశాల్యం గమనింపదగింది. ఐదేళ్ళ పసివాడు పలకమీద గురువు రాసిన అక్షరాల వెంట బలపం నడిపితే అది దిద్దడం. ఉపాధ్యాయుడు జవాబు పత్రంలోని తప్పులను ఎర్రసిరాతో సరిచేస్తే అదీ దిద్దడమే. తల్లి బిడ్డ నుదుట తీరుగా బొట్టు పెడితే దానినీ దిద్దడమనే అంటారు. నేర్చుకోవడం, తప్పు సవరించుకోవడం, అందం చేకూర్చడం అనే మూడు పనులకు ఒకే క్రియ చాలునని ఈ భాష మాట్లాడే జనం ఏనాడో నిర్ణయించారు. ఆ మూడూ వేరు వేరు పనులు కావనీ, ఒకే పనికి మూడు దశలనీ వారి భావం కావచ్చు.

ఆచరణలో మాత్రం ఈ మూడింటిలో నడిమిది ఎవరికీ రుచించదు. నేర్చుకోవడం గౌరవం, అలంకరించడం ఆనందం, తప్పు చెప్పించుకోవడం మాత్రం అవమానం అన్న భావన విద్యార్థిలోకంలో బలంగా నాటుకొన్నది. గణితంలో తప్పు చేసినవాడు లెక్క తప్పిందనుకొంటాడు. బొమ్మ గీసినవాడు, కవిత రాసినవాడు విమర్శ వినగానే తానే తప్పినట్లు భావిస్తాడు. కాకి పిల్ల కాకికి ముద్దు. సొంత సృష్టిమీద మమకారం సహజం. ఆ మమకారాన్ని చంపుకోకుండానే విమర్శను వినడం ఎలా? విన్నదానితో చేసిన పనిని సరిదిద్దుకోవడం ఎలా? గ్రాఫిక్ డిజైన్ చదివే విద్యార్థులకు ఈ ప్రశ్న నిత్యం ఎదురవుతుంది.

గ్రాఫిక్ డిజైన్ అంటే అక్షరాలను, బొమ్మలను, రంగులను ఒక ప్రయోజనం కోసం కూర్చే విద్య. పుస్తకాల అట్టలు, మందుల పెట్టెలు, బస్టాండులోని సూచికలు, గోడపత్రికలు అన్నీ దాని పరిధిలోనివే. మన దేశంలో అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థ 1961లో ఏర్పడింది. నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోనూ ఈ విద్యను నేర్పే సంస్థలు ఉన్నాయి. ఈ తరగతులలో ఒక ఆచారం ఉంది. విద్యార్థి చేసిన పనిని గోడకు తగిలిస్తారు. అధ్యాపకులు, తోటి విద్యార్థులు దాని ఎదుట నిలిచి తమకు తోచింది చెబుతారు. చేసినవాడు విని, దిద్ది, మళ్ళీ తగిలించాలి. ఈ విద్యలో పరీక్ష ఏదైనా ఉన్నదంటే అది ఆ రెండు తగిలింపుల మధ్యనే ఉన్నది.

ఒక విద్యార్థిని అనుభవాన్ని ఉదాహరణగా ఊహించుకోవచ్చు. ఇది ఏ ఒక్కరి కథో కాదు. పేర్లూ, బొమ్మలూ మార్చితే ఎందరికో వర్తిస్తుంది. ఆమెకు ఇచ్చిన పని ఒక ప్రాథమిక ఆరోగ్యకేంద్రం గోడకు గోడపత్రిక తయారు చేయడం. అతిసారం సోకిన పసిబిడ్డకు ఓఆర్ఎస్ ద్రావణం కలిపి పట్టే విధానాన్ని అది తెలపాలి. ఆ కేంద్రంలో ఇచ్చే పొట్లాన్ని మొత్తంగా ఒక లీటరు శుభ్రమైన నీటిలో కలపాలి. నీరు తగ్గితే ద్రావణంలో లవణం గాఢత పెరిగి బిడ్డకు ప్రమాదం కలుగుతుంది. నీరు ఎక్కువైతే ద్రావణం పలుచనై ఆశించిన మేలు జరగదు. కాబట్టి ఇక్కడ కొలతే ప్రాణం.

ఆ విద్యార్థిని రెండు వారాలు శ్రమించింది. లేతపసుపు నేలమీద నారింజరంగు అక్షరాలు, సన్నని నాజూకు గీతలతో బొమ్మలు, నడుమ ఒక కుండ, దాని చుట్టూ చక్రాకారంగా అమర్చిన దృశ్యాలు. చూపుకు అది ముచ్చటగా ఉంది. తరగతి గోడకు తగిలించిననాడు మెప్పుతోపాటు విమర్శలూ వచ్చాయి. ఒత్తులు కింది వరుసలోని గుడులకు తగులుతున్నాయని, అక్షరాలు లావు చేయమని అధ్యాపకుడు అన్నాడు. గీతబొమ్మలకు బదులు ఛాయాచిత్రాలు పెట్టమని కూడా సూచించాడు. పసుపుమీద నారింజ కనబడడం లేదని, ఎరుపు వేయమని ఒక సహాధ్యాయి చెప్పాడు. బొమ్మలు పెద్దవి కావాలని మరొకరు పట్టుబట్టారు.

అన్నింటికన్న పదునైన విమర్శ ఆరోగ్యకేంద్రం నుంచి వచ్చింది. అక్కడి నర్సు ఆ పత్రాన్ని బిడ్డనెత్తుకొని వచ్చిన ఒక తల్లికి చూపింది. ఆమెకు చదువు రాదు. చక్రాకారంలో ఉన్న బొమ్మలలో ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకు తెలియలేదు. అన్నింటికంటే పెద్దగా ఉన్న బొమ్మనుంచి మొదలుపెట్టింది. అది బిడ్డ తాగుతున్న బొమ్మ, అంటే కథలో చివరిది. నీటిపాత్రనూ, తాగే గ్లాసునూ ఒకే పరిమాణంలో గీయడంవల్ల ఆమెకు మరొక సందేహం కలిగింది.

"అమ్మాయీ, పొట్లమంతా ఈ గ్లాసుడు నీళ్ళలోనే కలపాలా?" అని ఆమె అడిగింది.

ఆ ఒక్క ప్రశ్నతో పత్రం అందమంతా వెలవెలబోయింది. ముచ్చటైన ఆ బొమ్మ గోడమీదికి ఎక్కి ఉంటే, మేలు చేయవలసిన పొట్లమే కీడు చేసి ఉండేది.

విమర్శకు గురైనవారు సాధారణంగా రెండు దారులలో ఒకటి పడతారు. మొదటిది తిరస్కారం. 'వీరికి కళ తెలియదు' అని తలుపు మూసుకోవడం. రెండవది విధేయత. చెప్పినదంతా చెప్పినట్లు చేసి చేతులు దులుపుకోవడం. ఈ విద్యార్థిని రెండవ దారి పట్టింది. అక్షరాలన్నీ లావు చేసింది, ఎరుపు పులిమింది, బొమ్మలన్నీ పెద్దవి చేసింది. కంప్యూటరులో ఇవన్నీ ఒక పూటలో అయిపోయాయి. ఫలితం పెళ్ళిపందిట్లో పదిమంది ఒకేసారి కేకలు పెట్టినట్లు తయారైంది. అన్నీ పెద్దవైనప్పుడు ఏదీ పెద్దది కాదు. ఒత్తులు మునుపటికంటే ఎక్కువగా కొట్టుకొన్నాయి. ఆ తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం అందులో ఇంకా లేదు.

మార్పు వేరు, దిద్దుబాటు వేరు. మార్పుకు చేయి చాలు. దిద్దుబాటుకు ఆలోచన కావాలి. యంత్రం మార్పును సులభం చేసింది గాని ఆలోచనను సులభం చేయలేదు.

'రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే' అని సామెత. ఆ అదృష్టం సామెతలో దక్కినంత తరచుగా జీవితంలో దక్కదు. రోగి తనకు ఎక్కడ నొప్పిగా ఉందో చెప్పగలడు. ఆ విషయంలో అతనికన్న అధికారి లేడు. మందు ఏదో తేల్చవలసినవాడు మాత్రం వైద్యుడు. విమర్శలోనూ ఈ రెండు భాగాలుంటాయి. 'ఇక్కడ నాకు ఇబ్బంది కలిగింది' అన్నది మొదటి భాగం. 'కాబట్టి ఇలా మార్చు' అన్నది రెండవది. మొదటిది దాదాపు ఎల్లప్పుడూ నిజమే. ఇబ్బంది పడిన మనిషి ఎదుట నిలిచి నీకు ఇబ్బంది కలగలేదని వాదించడం అర్థం లేని పని. రెండవదానిని మాత్రం పరీక్షించి చూడాలి. లోపాన్ని స్వీకరించాలి, చికిత్సను పరిశీలించాలి. దిద్దుబాటుకు మూలసూత్రం ఇదే.

ఆ విద్యార్థిని ఈ సంగతి గ్రహించిన తరువాత ఒక కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసింది. ఎడమవైపున వారు చెప్పిన మాట రాసింది. కుడివైపున ఆ మాట వెనుక ఉన్న ఇబ్బంది రాసింది. 'అక్షరాలు లావు చేయి' అన్నదాని వెనుక ఉన్నది చదవలేకపోవడం. దానికి కారణం అక్షరాల సన్నదనం ఒక్కటే కాదు, వరుసల మధ్య చోటు చాలకపోవడం. తెలుగు అక్షరానికి పైన తలకట్లు, గుడులు ఉంటాయి. కింద ఒత్తులు వేలాడతాయి. ఆంగ్లానికి సరిపోయే ఎడం తెలుగుకు చాలదు. పైగా 'ద'కు 'ధ'కు, 'ప'కు 'ఫ'కు భేదం ఒక చిన్న గీతలోనే ఉంది. వరుసలు ఇరుకైతే మొదట మాయమయ్యేది ఆ గీతే. ఆమె మాటలు తగ్గించి వరుసల మధ్య ఎడం పెంచింది. అక్షరాన్ని కొద్దిగా మాత్రమే లావు చేసింది.

'ఎరుపు వేయి' అన్నదాని వెనుక ఉన్నది ముఖ్యమైనది కంటికి ఆనకపోవడం. ఆమె పత్రాన్ని రంగులు లేకుండా నలుపు తెలుపులలో అచ్చు తీసి చూసింది. పసుపు, నారింజ రెండూ ఒకే బూడిదరంగులో కలిసిపోయాయి. లోపం రంగులో కాదు, వెలుగునీడల భేదంలో ఉన్నదని అప్పుడు తెలిసింది. నేలను తెలుపు చేసి, అక్షరాలకు ముదురునీలం వాడి, కొలతపాత్ర ఒక్కదానికే ఎరుపు కేటాయించింది. ఒక్కచోటనే ఉండడంవల్ల ఆ ఎరుపుకు విలువ వచ్చింది. చక్రాన్ని విప్పి బొమ్మలను ఎడమనుంచి కుడికి వరుసగా నిలిపి అంకెలు వేసింది. నీటిపాత్రకు బదులు ఊరూరా దొరికే లీటరు నీళ్ళసీసాను గీసి, దాని పక్కన గ్లాసును సగానికి తక్కువ ఎత్తులో గీసింది.

అధ్యాపకుడు చెప్పిన ఛాయాచిత్రాల సూచనను మాత్రం ఆమె పాటించలేదు. ఆరోగ్యకేంద్రాలలో ఇటువంటి పత్రాలను జిరాక్సు తీసి ఉపకేంద్రాలకు పంపుతారు. ప్రతినుంచి ప్రతి తీస్తూ పోతే ఛాయాచిత్రం నల్లని మచ్చగా మారుతుంది. గీతబొమ్మ నిలుస్తుంది. ఆమె రెండింటికీ జిరాక్సులు తీసి పక్కపక్కన పెట్టి చూపింది. అధ్యాపకుడు సంతోషంగా అంగీకరించాడు. సూచనను కాదనడం ధిక్కారం కాదు. కారణం చెప్పలేక కాదనడమే ధిక్కారం.

తరువాత ఆమె తిరిగి ఆరోగ్యకేంద్రానికి వెళ్ళింది. ఈసారి 'బాగుందా?' అని అడగలేదు. ఆ ప్రశ్నకు మర్యాదస్తులందరూ బాగుందనే చెబుతారు. "ఈ బొమ్మలు చూసి ఎలా కలుపుతారో చెప్పండమ్మా" అని అడిగింది. అక్కడి తల్లులు కలిపే తీరు తప్పు లేకుండా చెప్పారు. అయితే వారిలో ఒకామె, "మిగిలింది రేపు పట్టవచ్చునా?" అని అడిగింది. కలిపిన ద్రావణాన్ని 24 గంటలు దాటితే పారబోయాలి. ఆ సంగతి పత్రంలో లేదు. నాలుగో దిద్దుబాటు అక్కడ మొదలైంది. ఆ ప్రశ్నకు ఆమె కుంగిపోలేదు, పుస్తకం తీసి రాసుకొన్నది. మొదటి విమర్శకూ ఈ విమర్శకూ నడుమ ఆమె నేర్చుకొన్న విద్య అదే.

ఇది తరగతి గదికి మాత్రమే చెందిన సూత్రం కాదు. దేశం కోసం గీసిన ఒక బొమ్మ ఇరవై ఆరేళ్ళపాటు ఇలాగే విమర్శలు విని దిద్దుకొన్నది. అది మన జాతీయపతాకం. కృష్ణాజిల్లాకు చెందిన పింగళి వెంకయ్య 1916లోనే పతాకం గురించి పలు నమూనాలతో ఒక పుస్తకం ప్రచురించారు. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశమైనప్పుడు, గాంధీజీ కోరికమేరకు ఎరుపు, ఆకుపచ్చ రంగులమీద రాట్నం ఉన్న నమూనాను ఆయన సమర్పించారు. తరువాత గాంధీజీయే ఆలోచించి, ఇతర మతాలవారికి గుర్తుగా తెలుపు పట్టీ కూడా ఉండాలని భావించారు.

రంగులకు మతాల అర్థం చెప్పడంతో కొత్త చిక్కు వచ్చింది. తమకూ ఒక రంగు ఉండాలని సిక్కులు కోరారు. వారి అసంతృప్తి న్యాయమైనదే. వారు సూచించిన చికిత్సను పాటిస్తే మాత్రం రంగుల చేర్పుకు అంతముండదు. 1931లో భోగరాజు పట్టాభి సీతారామయ్య సంచాలకులుగా ఏడుగురితో ఒక సంఘం ఏర్పడింది. ఒకే కాషాయవర్ణం మీద రాట్నం ఉండాలని ఆ సంఘం సూచించింది. కాంగ్రెసు ఆ సూచనను కూడా యథాతథంగా స్వీకరించలేదు. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ అనే మూడు రంగులను, నడుమ రాట్నాన్ని ఆమోదించి, ఆ రంగులకు మతపరమైన అర్థం లేదని ప్రకటించింది. ఒక వర్గానికి రంగు లేదన్న బాధకు, ఏ రంగూ ఏ వర్గానిదీ కాదన్న పరిష్కారం దొరికింది. నొప్పిని ఒప్పుకొని మందును మార్చడమంటే ఇదే.

1947 జులై 22న రాజ్యాంగసభ ముందు పతాక తీర్మానాన్ని ప్రతిపాదిస్తూ జవహర్‌లాల్ నెహ్రూ మరొక ఇబ్బందిని ప్రస్తావించారు. అది భావానికి కాక రూపానికి సంబంధించినది. రాట్నానికి ఒకవైపు చక్రం, మరొకవైపు కదురు ఉంటాయి. జెండామీది గుర్తు రెండు పక్కలనుంచీ ఒకేలా కనిపించాలి. రాట్నం అలా కనిపించదు. అందువల్ల రాట్నంలోని చక్రభావాన్ని నిలుపుకొని, అశోకుని ధర్మచక్రాన్ని స్వీకరించారు. ప్రజలు ప్రాణాలొడ్డి మోసిన జెండాను గురించి సైతం 'వెనుకనుంచి చూస్తే ఎలా కనిపిస్తుంది?' అని అడగడానికి ఆ పెద్దలు వెనుదీయలేదు. ఆ ప్రశ్నవల్ల జెండా గౌరవం తగ్గలేదు, పెరిగింది.

సాహిత్యంలోనూ ఈ సంప్రదాయం కొత్తది కాదు. అభిజ్ఞాన శాకుంతల ప్రస్తావనలో సూత్రధారుడు తన నాట్యవిద్య ఎంతటిదో తేల్చే భారాన్ని పండితులకే వదిలిపెట్టాడు. గురజాడ అప్పారావు 1897లో అచ్చువేసిన కన్యాశుల్కాన్ని సమూలంగా తిరగరాసి 1909లో మళ్ళీ ప్రకటించారు. ఆ రెండవ కూర్పే నేడు జనం నోట నిలిచింది. తొలిరూపం లేకుంటే మలిరూపం లేదు. కనుక తొలి ప్రయత్నాన్ని చూచి సిగ్గుపడి చింపివేయవలసిన పని లేదు. దానిని దాచి ఉంచాలి. ఎక్కడనుంచి ఎక్కడికి వచ్చిందీ తెలిపే కొలబద్ద అదే.

విమర్శించేవారికీ ధర్మం ఉన్నది. 'బాగుంది', 'బాగాలేదు' అనేవి విమర్శలు కావు, తలుపు తెరవని తాళపుచెవులు. ఎక్కడ బాగాలేదు? ఎవరికి బాగాలేదు? ఎందువల్ల? ఈ మూడు ప్రశ్నలకు జవాబిచ్చే మాటే విమర్శ. అది పనిని గురించి ఉండాలి గాని మనిషిని గురించి కాదు. 'ఈ వరుస చదవలేకపోతున్నాను' అన్న మాట దిద్దుబాటుకు దారి చూపుతుంది. 'నీకు ఈ విద్య రాదు' అన్న మాట దారి మూసివేస్తుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. తరగతి గది విషయంలో ఆ మాట మరీ నిజం. నవ్వుల పాలవుతానన్న భయంతో తన పనిని గోడకు తగిలించని విద్యార్థికి దిద్దుకొనే అవకాశమే ఉండదు.

విద్యాసంస్థలు ఆలోచింపవలసినది మరొకటి ఉంది. నేటికీ చాలాచోట్ల మార్కులు తుదిప్రతికే వేస్తారు. దానివల్ల విద్యార్థి తప్పులను దాచడం నేర్చుకొంటాడు గాని దిద్దడం నేర్చుకోడు. మొదటి ప్రతి, వచ్చిన విమర్శలు, వాటిలో దేనిని ఎందుకు స్వీకరించిందీ, దేనిని ఎందుకు వదిలిందీ తెలిపే వివరణ, తుదిప్రతి అన్నీ కలిపి పరిశీలించి మార్కులు వేయాలి. అప్పుడు విమర్శ శిక్షగా కాక పాఠంలో భాగంగా కనిపిస్తుంది. మొదటిసారే చక్కగా చేసినవాడికన్న, నాలుగుసార్లు దిద్ది చక్కబరచినవాడు తరువాతి పనికి ఎక్కువ సిద్ధంగా ఉంటాడు. ఏది ఎందువల్ల చెడుతుందో అతనికి తెలుసు.

గోడపత్రికకైనా, జెండాకైనా, జీవితానికైనా చూసే కన్నులు రెండు కావాలి. ఒకటి చేసినవాడిది, రెండవది చూసేవాడిది. మమకారంతో చూసే మొదటి కంటికి అందం కనిపిస్తుంది. అవసరంతో చూసే రెండవ కంటికి లోపం కనిపిస్తుంది. చదువురాని ఒక తల్లి అడిగిన ప్రశ్న, చదువుకొన్న ఒక విద్యార్థినికి గురువాక్యమైంది. పలకమీద బలపం నడిపిన పసివాడు మొదటిరోజున గురువు గీతనుంచి పక్కకు పోతాడు. మరునాడు కొంచెం తక్కువగా పోతాడు. ఒకనాటికి గురువు గీత అవసరం లేకుండానే అక్షరం అతని చేతిలో నిలుస్తుంది. ఆనాడుకూడా అతను దిద్దడం మానడు. దిద్దవలసినదేమిటో తానే చూడగలుగుతాడు.